నందన కరువు నుండి బుడమేరు వరద దాకా
కృష్ణా డెల్టాలో వాతావరణమూ, వరిసాగూ

క్రీ.శ. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో వచ్చిన క్షామానికి జనం పెట్టిన పేరు డొక్కల కరువు. అన్నం లేక డొక్కలు ఎండిపోయిన మనుషులను చూసి పెట్టిన పేరది. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు ఐదు లక్షలు. అందులో లక్షన్నర నుండి రెండు లక్షల మంది దాకా ఆ ఒక్క కరువులోనే మరణించారని వేరువేరు అంచనాలు చెబుతున్నాయి. మూడో వంతు మనుషులు పోయారన్నమాట. బందరు జిల్లాకు కూడా దాని దెబ్బ తగిలింది.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఈ మరణాలన్నీ దక్షిణ భారతంలోని పెద్ద నదులలో ఒకటైన కృష్ణ ఒడ్డున సంభవించాయి. నైరుతి రుతుపవనం కోస్తాలో విఫలమైన ఏడు కూడా ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వాన ఈ నదిలో కొంతైనా పారుతుంది. ఆ నీరు బెజవాడ కొండల మధ్యనుంచి సాగి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసిపోతుండగా, దానికి పది మైళ్ళ దూరంలోని పొలాలు బీటలు వారాయి. నీరు లేకపోవటం ఒక సంగతి, ఉన్న నీరు చేనికి చేరకపోవటం మరొక సంగతి. నందన కరువును కేవలం దైవ ఘటనగా చెప్పేవారు ఈ రెండో సంగతిని మరచిపోతారు.

ఈ భేదాన్ని చాలా ముందుగానే గుర్తించిన చరిత్రకారుడు ఒకరు ఈజిప్టులో వున్నారు. ఆయన అల్లామా మఖ్‌రీజీ. క్రీ.శ. 1403-04 ప్రాంతంలో నైలు నది పొంగక ఈజిప్టు క్షామంలో చిక్కుకున్నప్పుడు ఆయన కైరోలోనే వున్నారు. తర్వాత క్షామాల చరిత్ర మీద ఒక చిన్న గ్రంథం రాశారు. నైలు తగ్గటం కొత్తేమీ కాదని, అంతకుముందు అనేకసార్లు తగ్గినా ప్రజలు తట్టుకున్నారని, ఈసారి విపత్తు ఇంతగా ముదరటానికి కారణాలు వేరే వున్నాయని ఆయన వాదన. పదవులు లంచానికి అమ్ముడుపోవటం, భూమి మీద పన్నులూ కౌలూ పెరిగిపోవటం, రాగి నాణేల వల్ల డబ్బు విలువ పడిపోవటం, ఈ మూడింటిని ఆయన ఎత్తి చూపారు. ఆయన గురువు ఇబ్నె ఖల్దూన్ కూడా అంతకుముందే, వానలు ఏటేటా మారుతూ వుండటం ప్రకృతి సహజమని, రాజ్యం వృద్ధాప్య దశలో పన్నుల భారంతో రైతు చేను వదలినప్పుడే ధాన్యపు నిల్వలు అడుగంటి క్షామం వస్తుందని రాశారు.

గుంటూరు సీమ విషయంలో ఈ మాటలు అక్షరాలా వర్తిస్తాయి. నిజాం పాలనలో ముర్తజానగర్ సర్కారు అనిపించుకున్న ఈ ప్రాంతం 1788లో కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాతి నలభై ఏళ్ళలో కంపెనీ శ్రద్ధ అంతా శిస్తు రాబట్టటం మీదనే వుంది. చెరువులూ కాలువలూ పూడుతున్నా పట్టించుకున్నది తక్కువ. కరువు ముంచుకు వచ్చాక కూడా ధాన్యం వ్యాపారంలో సర్కారు జోక్యం చేసుకోరాదన్న సిద్ధాంతాన్ని అధికారులు వదలలేదు. కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునన్న ఆలోచన మేజర్ బీట్సన్ 1792లోనే ఇచ్చాడు. అంటే ఔషధం పేరు తెలిసిన నలభై ఏళ్ళకు రోగి మరణించాడు.

కరువు తర్వాతనే ఆ ఆలోచన మళ్ళీ లేచింది. కెప్టెన్ బకుల్, ఆ తర్వాత కెప్టెన్ లేక్ పరిశీలనలు జరిపారు. 1850లో కంపెనీ డైరెక్టర్లు అనుమతి ఇచ్చారు. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. పనిని నడిపించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కే జనం ఈ పుణ్యం కూడా కట్టబెడుతూ వుంటారు. కాటన్ ప్రోత్సాహం, పలుకుబడి దీనికి తోడ్పడిన మాట నిజమే, కాని బెజవాడలో ఎండలో నిలబడి రాయి పేర్చించినవాడు ఓర్. ఆయన పేరు మీద డెల్టాలో మనకు పెద్దగా ఏమీ కనిపించదు.

ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకుగా ప్రవహించే చోటు అది. అక్కడినుంచి దిగువకు నది తాను తెచ్చిన ఒండ్రుతోనే తన గట్లను ఎత్తు చేసుకుంటూ పోయింది. కాబట్టి డెల్టా భూమి నది నుండి దూరం పోయినకొద్దీ పల్లమవుతుంది. నదిలో నీటిని కాస్త ఎత్తుకు నిలిపి కాలువలోకి మళ్ళిస్తే చాలు, ఏతం అక్కరలేదు, మోట అక్కరలేదు, నీరు తనంతట తానే చేలకు పారుతుంది. అంతకుముందు ఈ మెట్ట నేలలలో జొన్నే ప్రధానమైన తిండి. వరి అనేది చెరువు కింద పండే కలిగినవారి పంట. ఆనకట్ట వచ్చిన తర్వాత ఒక్క తరంలోనే ఈ నేల మాగాణిగా మారిపోయింది, అన్నం అందరి కంచంలోకీ వచ్చింది.

నీటికీ పన్నుకూ వుండవలసిన సంబంధం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇస్లామీ షరీఅత్‌లో వానతోనూ పారే నీటితోనూ పండిన పంటకు జకాత్ పదో వంతు. తోడి పోసిన నీటితో పండించిన దానికి ఇరవయ్యో వంతు. రైతు పడిన శ్రమ పెరిగితే అతను ఇవ్వవలసింది సగానికి తగ్గుతుంది. ఈజిప్టులో ముస్లిం పాలకులు రోదా దీవిలో నైలు నీటిమట్టం కొలిచే స్తంభాన్ని, క్రీ.శ. 861లో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ కాలంలో, కట్టించింది కూడా ఇటువంటి లెక్క కోసమే. నీరు ఇన్ని మూరలు లేస్తేనే పూర్తి ఖరాజ్, లేకపోతే తగ్గింపు. వాతావరణాన్ని కొలిచి పన్నును దానికి కట్టివేసిన ఏర్పాటు అది. ఆచరణలో ప్రతి పాలకుడూ దాన్ని పాటించాడని చెప్పలేము. మఖ్‌రీజీ ఫిర్యాదే దానికి సాక్ష్యం. కాని నియమమంటూ వుంది.

ఆనకట్ట విలువ 1876-78 మహా క్షామంలో తేలింది. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలలో, మైసూరులో లక్షలాది మంది మరణించిన ఆ కాలంలో కృష్ణా, గోదావరి డెల్టాలు పంట పండించాయి, ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. మద్రాసు నగరంలో బకింగ్‌హాం కాలువకు మిగిలిపోయిన తుంపును తవ్వించింది ఆ కరువు పనుల కిందనే. కొమ్మమూరు కాలువ ద్వారా డెల్టా పడవలు మద్రాసు దాకా పోయే దారి ఏర్పడింది.

ఇది చదివినప్పుడు ఇస్లామీ చరిత్ర తెలిసినవారికి హిజ్రీ 18వ సంవత్సరం గుర్తుకు రాక మానదు. ఆమ్ అర్రమాదా, అంటే బూడిద సంవత్సరం. వానలు లేక హిజాజ్ నేల బూడిదలా ఎగిరిందట. హజ్రత్ ఉమర్ (రజి) ఈజిప్టులోని అమ్ర్ బిన్ ఆస్ (రజి) గారికి జాబు రాసి ధాన్యం తెప్పించారు. పాత కాలువ ఒకటి పూడిపోయి వుండగా దాన్ని తిరిగి తవ్వించి, నైలు నుండి ఖుల్‌జుం రేవు దాకా పడవలు నడిపించారు. అక్కడినుంచి ఓడలలో ధాన్యం మదీనా రేవైన జార్‌కు చేరేది. ఆ ఏడు పశువుల జకాత్ వసూలును వాయిదా వేశారు. ప్రజలు తినగలిగేదాకా తాను నెయ్యి ముట్టనన్నారు. ఒక ఎండిన నేలను ఒక డెల్టా పోషించటం, వాటి మధ్య ఒక కాలువ, ఇదే కథ పన్నెండు వందల ఏళ్ళ తర్వాత మద్రాసు కోస్తాలో కనిపిస్తుంది. అయితే అదే కాలువను క్రీ.శ. 762 ప్రాంతంలో ఖలీఫా మన్సూర్ మూయించివేశాడు. మదీనాలో తనపై తిరుగుబాటు చేసినవారికి తిండి అందకూడదని. కాలువ తిండి పెట్టగలదు, తిండి ఆపనూ గలదు. ఎగువ దిగువ రాష్ట్రాల నీటి తగాదాలు చూస్తున్న మనకు ఇది వింతగా తోచదు.

ఆనకట్ట కరువును ఆపిందే కాని సముద్రాన్ని ఆపలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేల మంది మరణించారు. ఒకప్పుడు కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్‌కూ, ఎర్ర సముద్రానికీ, అచేకూ ఓడలు పంపిన ఆ రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. ఉప్పెన నీరు మైళ్ళకొద్దీ లోపలికి వచ్చి మంచినీటి చెరువులను ఉప్పు చేసింది. పొలాలను చౌడు చేసింది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి ఇప్పటికీ కళ్ళారా చూసినవారు చెబుతారు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీరగ్రామాలు ఒక్క పూటలో తుడిచిపెట్టుకు పోయాయి. సర్కారు లెక్కల ప్రకారమే చనిపోయినవారు దాదాపు పదివేలు, నిజం అంతకంటె ఎక్కువేనని స్థానికుల నమ్మకం. సార్వా వరి కోతకు వచ్చిన సమయమది. మనిషీ, పశువూ, పంటా ఒకేసారి పోయాయి. మడ అడవులు దట్టంగా వున్నచోట అల తాకిడి తగ్గిందని, అడవి నరికిన చోట అది నేరుగా ఊరి మీదికి వచ్చిందని ఆ తర్వాత అందరూ చెప్పుకున్నారు. హెచ్చరికల ఏర్పాటు, తుపాను షెల్టర్లు ఆ తర్వాతనే వచ్చాయి. 1990 మే 9న దాదాపు అదే బలంతో అదే తీరాన్ని తుపాను తాకినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించటం వల్ల మరణాలు వేయికి లోపునే ఆగాయి. పదమూడేళ్ళలో గాలి మెత్తబడలేదు, మనుషుల ఏర్పాటు మారింది. మఖ్‌రీజీ వాదనకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇక పాత ఆనకట్ట 1952 వరదలో గండిపడింది. దాని ఎగువన 1954-57 మధ్య ప్రకాశం బరాజ్ కట్టారు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా దాని కింద సాగవుతున్నది. పంట పెరిగింది. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబ మసూరి, ఈ రెండు రకాలు తెలుగునాటనే కాక దేశంలో ఎన్నో చోట్ల అన్నమయ్యాయి. బాపట్ల పేరుతో వచ్చిన బి.పి.టి. 5204 హైదరాబాదు బిర్యానీ దుకాణాల దాకా పోయింది. అయితే ఈ రెండూ దీర్ఘకాలిక రకాలు, కోతకు రావటానికి ఇంచుమించు ఐదు నెలలు పడుతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణలో 75 శాతం నమ్మకంతో లభించే నీటిని 2060 టి.ఎం.సి.లుగా లెక్కగట్టి మూడు రాష్ట్రాలకు పంచింది. డెల్టా వాటా 181.2 టి.ఎం.సి.లు. ఎగువన ఒక్కొక్క జలాశయమే లేచింది. 1901-1960 మధ్య కృష్ణ ఏటా సగటున 57 శతకోటి ఘనపు మీటర్ల నీటిని సముద్రానికి ఇచ్చేది. 2001-2004 మధ్య వరుస అనావృష్టి సంవత్సరాలలో అది దాదాపు శూన్యానికి వచ్చింది. వాన తక్కువైన ఏడు ఎగువ జలాశయాలు ముందు నిండుతాయి, డెల్టా కాలువకు నీరు ఆలస్యంగా దిగుతుంది. జూన్‌లో పోయవలసిన నారుమడి జూలైకి, నాట్లు ఆగస్టుకీ పోతాయి. అక్టోబరు చివర్లో పొట్టలో వుండవలసిన వరి నవంబరు దాకా జరుగుతుంది. కోత డిసెంబరుకు పడుతుంది. బంగాళాఖాతం తుపానులు కోస్తాను కొట్టేది సరిగ్గా ఆ రోజులలోనే. అంటే ఎగువన ఎండ కాస్తే దిగువన తుపానులో పంట తడుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పొలాలలో పనలు నీట తేలాయి, నిలబడిన పైరు పడిపోయింది, కల్లాలలోని ధాన్యం మొలకెత్తింది.

ఆలస్యం దెబ్బ రెండో పంటకు కూడా తగులుతుంది. డెల్టా రైతుకు ఒక పాత తెలివి వుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడిన చేలోనే మినుములు చల్లుతాడు. వరి కోసేనాటికి మొలక వచ్చివుంటుంది. మిగిలిన తేమతో, మంచుతో ఆ పైరు పండుతుంది, నీటి చుక్క అడగదు, పైగా నేలకు నత్రజని ఇస్తుంది. కాని డిసెంబరు దాటి చల్లిన మినుము ఎండకూ పల్లాకు తెగులుకూ దొరికిపోతుంది. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుండి గోదావరి నీటిని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపటం వల్ల కొన్ని ఏళ్ళు నాట్లు తొందరగా పడ్డాయన్న మాట రైతులు ఒప్పుకుంటారు. ఇది రాజకీయ వాదాలకు అతీతంగా గుర్తించవలసిన సంగతి.

నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది వేరే ప్రశ్న. డెల్టాలో భూమి దున్నేవారిలో అధిక భాగం కౌలు రైతులు. తుపానులో పంట పోయినా కౌలు కట్టాలి. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూయజమాని సమ్మతి సంతకం కావలసి వచ్చింది, ఆ సంతకం పెట్టటానికి ఎందరో జంకారు. కార్డు లేనివానికి పరిహారమూ బీమా అందటం కష్టం. ఈ విషయంలో ఫిఖ్‌హ్ పండితులు ఏమన్నారో చూడటం ఉచితం. చెట్టు మీది కాయలను అమ్మిన తర్వాత విపత్తు వచ్చి అవి నశిస్తే, అమ్మినవాడు కొన్నవాని సొమ్ము తీసుకోవటం ధర్మం కాదని ప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో వుంది. మాలికీ, హన్బలీ పండితులు దీని మీద జవాయిహ్ అనే అధ్యాయమే నిర్మించారు. ఇబ్నె తైమియా ఈ సూత్రాన్ని కౌలు భూమికి కూడా వర్తింపజేశారు. హనఫీలు దీన్ని వేరుగా అర్థం చేసుకున్నారు, మన ప్రాంతంలో వారే అధికం. అయినా కౌలుకిచ్చే ముస్లిం భూస్వాములు ఈ చర్చను ఒకసారి చదవటం మంచిది.

ఇంతవరకు వాతావరణం పంటను ఏమి చేసిందో చూశాము. పంట వాతావరణాన్ని ఏమి చేస్తున్నదన్నది నందన కరువు నాటివారికి తోచని ప్రశ్న. నెలల తరబడి నీరు నిలబెట్టిన వరిమడిలో నేలకు గాలి అందదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. అది వరి కాడల గుండానే పైకి పోతుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటె పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి వుంచుతుంది. మనుషుల పనుల వల్ల లోకంలో వెలువడే మీథేన్‌లో పదో వంతుకు కాస్త తక్కువ వరిమళ్ళ నుండే వస్తున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ వేడి తిరిగి వరినే కొడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు పది శాతం తగ్గినట్లు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది.

ఇక్కడ బొగ్గు కాల్చి సంపన్నులైన దేశాలను వదిలి వరి రైతును దోషిగా నిలబెట్టటం అన్యాయం. రెండు సెంట్ల అన్నం పండించేవాడూ, రెండు మోటారు కార్లు నడిపేవాడూ ఒకటి కారు. అయినా మార్గం వుంటే వెదకవచ్చు. మడిలో నీరు తీసి, నేల ఆరనిచ్చి, మళ్ళీ పెడుతూ వుంటే మీథేన్ మూడో వంతు నుండి సగం దాకా తగ్గుతుంది, నీరూ మిగులుతుంది, దిగుబడి పెద్దగా తగ్గదు. చెప్పటం తేలిక. డెల్టాలో చాలాచోట్ల ప్రతి మడికీ వేరే బోదె లేదు, నీరు ఒక మడి నుండి మరొక మడికి పారుతుంది. ఎగువ రైతు ఆరబెడితే దిగువవానికి నీరుండదు. శివారు భూముల రైతు అయితే, కాలువ మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియక దొరికిన నీటిని వదలడు. వంతు తప్పకుండా నీరు వస్తుందన్న నమ్మకం ముందు కలగాలి.

ఇంకొక మార్పు తీరంలో జరుగుతున్నది. కృష్ణ మోసుకువచ్చిన ఒండ్రుతో పుట్టిన డెల్టాకు ఆ ఒండ్రు ఇప్పుడు జలాశయాలలో ఆగిపోతున్నది. 1966-69 ప్రాంతంలో ఏటా తొంభై లక్షల టన్నులు వచ్చేది 2000-2005 నాటికి నాలుగు లక్షలకు దిగింది. నేల పేరుకోక, సముద్రం లేస్తూ, తీరం ఏటా డెబ్భై హెక్టార్లకు పైగా కోసుకుపోతున్నదని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కవేశారు. మడ అడవి నరికి, మాగాణి తవ్వి వేసిన రొయ్యల చెరువులు ఉప్పును ఇంకా లోపలికి తెచ్చాయి. 1980ల తర్వాత కొల్లేరును చేపల చెరువులు కమ్మేశాయి. 2006లో సర్కారు గట్లు తెగగొట్టించింది, తర్వాత కొన్ని మళ్ళీ లేచాయి. వరి నష్టమైన రైతు చెరువు తవ్వితే తప్పుపట్టటం కష్టం. కాని పక్క చేనివాడు ఉప్పు నీటితో ఏం చేయాలి?

వరద నీరు నిలవటానికి వుండిన పల్లాలు కూడా ఇటువంటి అవసరాలకే పోయాయి. బుడమేరు కొండల నుండి దిగి కొల్లేరుకు పోయే వాగు. 2024 సెప్టెంబరు 1న, కృష్ణ కూడా పొంగి వుండగా, కుంభవృష్టి కురిసింది. కొండపల్లి దగ్గర బుడమేరు మళ్ళింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ మొదలు విజయవాడ ఉత్తర భాగమంతా రోజుల తరబడి మునిగివుంది. మరునాడు ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలు దీనికి ముందు బరాజ్ చూసిన పెద్ద వరద. కట్టినప్పుడు బరాజ్‌కు లెక్కవేసిన గరిష్ఠ సామర్థ్యం 11.9 లక్షలు. కొట్టుకువచ్చిన పడవలు గేట్ల దిమ్మెలను గుద్దుకున్నాయి. ఆ గండ్లను పూడ్చేందుకు సైన్యాన్ని కూడా పిలిపించవలసి వచ్చింది, సెప్టెంబరు 7 నాటికి పూడిక పూర్తయింది. ఆ సమయానికి డెల్టా చేలలో నాట్లు పడి నెలన్నా కాలేదు.